ముందు చక్రాలు

మా నాయన ఫక్రుద్దీన్ తన జీవితంలో ఎన్ని జీపులు అమ్మించాడో లెక్క లేదు గానీ, తనదని చెప్పి అమ్మింది ఒక్కటే. దాన్ని అమ్మిన ఎండాకాలం గురించి మాట్లాడటానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. వినవలసిన ఇద్దరిలో ఒకరు ఇప్పుడు లేరు. రెండో ఆయన ఎదురుగా ఉన్నప్పుడు నా నోరు లేవలేదు. ఇప్పుడు ఊరూ పేరూ తెలియని మీకు చెబుతున్నాను. నా ధైర్యం ఆ మాత్రమే.

పెనుకొండ జీపుస్టాండులో ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. పాత జీపు చేతులు మారాలంటే కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ మా నాయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన ఇంజను స్టార్టు చేయించి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని కాసేపు వినేవాడు. ఇంజను మంచిదే, గేరుపెట్టె మూడు నెలల్లో పోతుంది అన్నాడంటే అది పోయేది. ఆయన చెప్పిన తర్వాత ఇంకెవరూ బండి కింద దూరి చూసేవాళ్ళు కారు. చూస్తే పెద్దమనిషిని అనుమానించినట్టు. ముప్పై ఏళ్ళు రొద్దం రూటులో సర్వీసు జీపు తోలి ఆయన వెనకేసుకున్నది ఆ మాట ఒక్కటే. మేమున్న రేకుల ఇల్లు కూడా మా అమ్మ హుస్సేన్‌బీకి పుట్టింటివాళ్ళు ఇచ్చిన స్థలంలోదే.

తొంభై తొమ్మిది నాటికి ఆయన తోలడం మానేసి రెండేళ్ళయింది. కళ్ళలో నీటికాసులు వచ్చాయి. ఎదురుగా ఉన్నది మసకగా కనిపించేది, పక్కనున్నది అసలు కనిపించేది కాదు. దాన్ని కనిపెట్టి, ఇంక తోలవద్దు పెదనాయనా అని చేతులు పట్టుకొని చెప్పింది, చుట్టం కాకపోయినా మా ఇంటిమనిషి లాంటి జోసెఫన్న. వేరే ఎవరు చెప్పినా మా నాయన వినేవాడు కాడు. ఆ రోజు నుంచి జీపు మా ఇంటిముందు గోనెపట్టా కింద నిలబడిపోయింది. స్టాండు పక్కన నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. వారానికోసారి ఇంటికొచ్చి దాన్ని స్టార్టు చేసి ఆపేవాణ్ణి. ఆ కాసేపూ ఆయన అరుగు మీద నుంచి లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడేవాడు.

జోసెఫన్న పదకొండేళ్ళు ఒక కంటి డాక్టరు దగ్గర పనిచేశాడు. డాక్టరూ ఆయన భార్యా వేరే దేశంవాళ్ళు. వాళ్ళకు చక్రాల మీద ఒక చిన్న ఇల్లుండేది. లోపల రెండు మడత మంచాలు, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, గోడకు అక్షరాల అట్ట. దాన్ని పెద్ద బండికి తగిలించుకొని నేతగాళ్ళ ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు. ఊరికి వారం చొప్పున అక్కడే వండుకొని, అక్కడే పడుకొని కళ్ళు చూసేవాళ్ళు. మగ్గం గుంతలో కూర్చున్నవాడికి నలభై దాటేసరికి పోగు కనిపించదు. పోగు కనిపించకపోతే కూలి లేదు. కళ్ళజోడు కోసం ధర్మవరం పోయి రావాలంటే ఒక రోజు మగ్గం ఆగిపోతుంది. అందుకే ఆ క్యాంపు బండి వచ్చిందంటే వాళ్ళకు చుట్టం వచ్చినంత సంబరం.

ఆ మార్చిలో ముసలివాళ్ళిద్దరూ వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. పెద్ద బండి అమ్మేశారు. క్యాంపు బండిని మాత్రం జోసెఫన్న పేర రాసిచ్చి పోయారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఊళ్ళు తిరిగే పని ఇక లేదన్నారు. మే నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చేయమన్నారు. జోసెఫన్నా, ఆయన భార్య పుష్ప వదినా కూర్చొని ఆలోచించుకున్నారు. ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, చేతిలో ఉన్నది ఆ చక్రాల ఇల్లూ, అద్దాల పెట్టే, నేర్చిన పనీ. అందులోనే కాపురం ఉంటాం, ఊళ్ళు తిరిగి కళ్ళజోళ్ళు కట్టిస్తాం అన్నారు. వదిన కిటికీలకు కొత్త తెరలు కూడా కుట్టేసింది. ఇక కావలసింది దాన్ని లాగే బండి ఒక్కటే.

ఎలాంటి బండి కావాలో జోసెఫన్న నాకు పది సార్లు చెప్పి ఉంటాడు. నేతవీధుల్లో మలుపు తిరగాలి కాబట్టి పొట్టి జీపే కావాలి. పెట్రోలు పోయించే తాహతు లేదు కాబట్టి డీజిలుదే కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాలుగు చక్రాలూ లాగాలి. ఆయన పోవలసిన ఊళ్ళలో సగం ఏటికి అవతల ఉన్నాయి. ఎండాకాలం ఏరంటే ఇసుకే. ఫోర్‌వీలు లేని బండి ఆ ఇల్లును లాక్కొని ఇసుక దాటలేదు.

మెకానిక్కును గదా, నన్ను వెంటబెట్టుకొని తిరిగాడు. హిందూపురంలో ఒకటి చూశాం. అది పైకి జీపు, లోపల ఎవడో నీళ్ళ మోటారు ఇంజను దింపి ఉన్నాడు. వదిలేసి వచ్చాం. ధర్మవరంలో తిమ్మరాజు అనే కాంట్రాక్టరు దగ్గర ఇంకొకటి చూశాం. సర్కారు వేలంలో పాడుకున్న బండి. రేకంతా తుప్పు, సీట్లు చిరిగిపోయాయి. కానీ జోసెఫన్న దాన్ని చిత్రావతి ఇసుకలోకి దించి, కావాలని ఆపి, చిన్న లివరు లాగి మళ్ళీ ఎక్కించాడు. నాలుగు చక్రాలూ ఇసుక చిమ్ముకుంటూ గట్టెక్కించాయి. దిగి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి.

"ఇదే తీసుకొందామా యూనసూ?" అన్నాడు.

తీసుకో అన్నా అన్నాను. దేవుని సాక్షిగా అన్నాను. ఆ ఒక్క మాటా నేను నిజమే చెప్పాను. అయితే జోసెఫన్న తిమ్మరాజుకు బయానా ఇవ్వలేదు. పెదనాయనను ఒక మాట అడిగి రేపు చెబుతానని వచ్చేశాడు.

మరుసటి రోజు పొద్దున మా అరుగు మీద కూర్చొని అంతా చెప్పాడు. మా నాయన లేచి, తడుముకుంటూ పోయి, తానే జీపు మీది గోనెపట్టా లాగేశాడు.

"ఎవడిదో తుప్పుబండి నీకెందుకు జోసెఫూ? ఇదుండాది గదా. ఎవుడెవుడో అడిగినారు, ఇయ్యల్యా. కోళ్ళు మోసేటోనికి ఇయ్యలేక పెట్టుకోనుండా. కండ్లు చూసే పనికంటే ఇస్తా."

"ఫోర్‌వీలు పని చేస్తాదా పెదనాయనా?"

"ఎనభై మూడులో బస్సును బురదలోంచి పీకినా దీంతో. నాలుగు చక్రాలూ లాగుతాయి. నా మాట. కావాలంటే ఇప్పుడే ఏట్లోకి దించి చూసుకో."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది. అది ఎందుకు కింద పడలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

జోసెఫన్న నవ్వాడు. "తిమ్మరాజుదైతే చూడాల. నీ బండిని నేను ఇసకలో దించి చూస్తే ఈ ఊళ్ళో నాకు మొగముంటాదా?"

అంతే. బేరం అయిపోయింది. మా అమ్మ ఇద్దరి నోట్లో చక్కెర పోసింది.

ఇక నా సంగతి. తొంభై నాలుగులో నాయన అనంతపురం పెళ్ళికి పోయినప్పుడు, గేరుపెట్టె నుంచి ముందు ఇరుసుకు తిప్పుడు అందించే ఇనుప షాఫ్టును నేను విప్పి అమ్మేశాను. సర్వీసు జీపులవాళ్ళంతా అప్పుడు అదే చేసేవాళ్ళు. తారు రోడ్డు మీద తిరిగే బండికి ముందు చక్రాలు లాగనక్కర లేదు, షాఫ్టు లేకపోతే బరువు తగ్గి డీజిలు మిగులుతుంది. క్వారీలవాళ్ళు ఎగబడి కొనేవాళ్ళు. నాయనను అడిగితే ఒప్పుకోడు. తన బండి పుట్టినప్పుడు ఎట్లుందో అట్లే ఉండాలనే మనిషి. అందుకని అడగలేదు. ఆ దుడ్లతో జీపులోకి ఒక టేపు రికార్డరు, రెండు స్పీకర్లు కొన్నాను. షెడ్డులో సంపాదించి కొన్నానని చెప్పాను. ఆయన ఎంత మురిసిపోయాడో. మావాడు బండికి పాట పెట్టించినాడు అని స్టాండులో అందరికీ చెప్పుకున్నాడు. కిందికి దూరి గ్రీజు కొట్టే పని నాది కాబట్టి ఆయనకు తెలిసే దారే లేదు. లివరు ఉన్నచోటే ఉంది. లాగితే టక్కుమని పడేది కూడా. దాని అవతల ఏమీ లేదు, అంతే.

మీరు అడగవచ్చు, ఆ పొద్దునే చెప్పేస్తే ఏం పోయేది అని. నాలుగు తిట్లు పడేవి. జోసెఫన్న తిమ్మరాజు బండి కొనుక్కునేవాడు. ఇరవై ఐదేళ్ళవాణ్ణి, నలుగురిలో నాయన నన్ను దొంగా అంటాడేమో అని భయపడ్డాను. ఆ భయానికే నోరు మూసుకున్నాను. పాత షాఫ్టు ఒకటి వెతికి, ఎవరికీ తెలియకుండా బిగించేస్తే సరిపోతుందని అనుకున్నాను.

వెతకలేదని కాదు. జీపు వెనక క్యాంపు బండి తగిలించే కొక్కెం వెల్డింగు చేసినంతసేపూ వెల్లకిలా పడుకొని ఆ ఖాళీ చోటునే చూశాను. జోసెఫన్న పక్కనే గొంతుక్కూర్చొని వెల్డింగు రాడ్లు అందించాడు. ఆయనకు కంటి లోపలి నరాలన్నీ తెలుసు గానీ బండి కింద ఏది ఉండాలో తెలియదు. రెండుసార్లు హిందూపురం పోయి పాత సామాన్ల సుంకప్ప దగ్గర వెతికాను. ఉన్నవి మా జీపుకు సరిపోలేదు. సరైనది మడకశిర నుంచి వస్తాండాది, శుక్రవారం వచ్చి తీసుకుపో అన్నాడు.

ఆదివారం పుష్ప వదిన ఇంటికొచ్చింది. రొద్దం దాటి ఏటి అవతల ఉన్న నేతగాళ్ళ ఊళ్ళో సోమవారం నుంచి జాతరంట. మూడు రోజులు మగ్గాలు ఆపుతారు, అందరూ ఇంటి పట్టునే ఉంటారు, మొదటి క్యాంపు అక్కడే పెడదామని కబురు చేశారంట. క్వార్టరు తాళంచెవి కూడా ఇచ్చేశామని చెప్పింది. మొదటిసారి బండి తోలడానికి నేను రావాలంది. శుక్రవారం దాకా ఆగితే మంచిది, బ్రేకులు చూడాలి అన్నాను.

"నిన్ననే గదరా బ్రేకులు చూసినావు," అన్నాడు నాయన. నిజమే. చూశాను.

సోమవారం పొద్దున బయలుదేరాం. స్టీరింగు నా చేతిలో. పక్కన నాయన, ఇంజను వినడానికని పట్టుబట్టి వచ్చాడు. వెనక వదినా, జోసెఫన్నా. తెల్లటి క్యాంపు బండి వెనక ఊగుతూ వచ్చింది. రొద్దంలో పిల్లలు చాలా దూరం వెంటపడి పరుగెత్తారు. నాయన టేపు పెట్టమన్నాడు. పెట్టాను. ఆ దారంతా ఆయన వేళ్ళతో తలుపు మీద తాళం వేశాడు.

ఏరు రెండు ఫర్లాంగుల వెడల్పు. ఎడ్లబండ్ల జాడ పట్టుకొని దించాను. సగం దాటేసరికి క్యాంపు బండి చక్రాలు దిగబడ్డాయి. దాని బరువుకు జీపు వెనక చక్రాలు అక్కడికక్కడే తిరిగి ఇసుక తోడుకున్నాయి.

"ఏం పరవాలేదు. చిన్న లివరు లాగు," అన్నాడు నాయన.

లాగాను. టక్కుమని పడింది. క్లచ్చి వదిలాను. వెనక చక్రాలు ఇంకో జానెడు దిగాయి.

నాయన టేపు ఆపమన్నాడు. మళ్ళీ తోలమన్నాడు. తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఆ వినడం నాకు బాగా తెలుసు. స్టాండులో వందసార్లు చూశాను. తర్వాత తలుపు తీసుకొని దిగాడు. ముందు చక్రాన్ని తడిమాడు. ఇసుకలో బోర్లా పడుకొని భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు.

ఎక్కువసేపు పట్టలేదు. చెయ్యి బయటికి తీసి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. గట్టిపడిన గ్రీజు, దాని మీద ఏళ్ళ నాటి దుమ్ము. నిన్నా మొన్నా విప్పింది కాదని ఆయనకు చెప్పవలసిన పని లేదు. ఆ బండి కింద దూరింది నేను తప్ప ఇంకెవరూ కాదనీ తెలుసు. లుంగీకి చెయ్యి తుడుచుకొని లేచాడు.

"ఏమైంది పెదనాయనా?" అన్నాడు జోసెఫన్న.

నాయన నా వైపు తిరగలేదు. "ముందు షాఫ్టు లేదు. నేనే తీయించినా, ఎప్పుడో. డీజిలు మిగులుతాదని. నీకు చెప్పల్యా."

పుష్ప వదినే మాట్లాడింది, గొంతు పెంచకుండా. "మీరొక మాట చెప్పింటే తిమ్మరాజుది తీసుకొనుందుము గదా పెదనాయనా."

"అవునమ్మా," అన్నాడు మా నాయన. "ఎడ్లను పిలవండి."

నేను స్టీరింగు పట్టుకొని కూర్చొనే ఉన్నాను. ఆ క్షణంలో నేను దిగి ఒక్క మాట చెప్పి ఉంటే తర్వాతి ఏళ్ళన్నీ వేరుగా ఉండేవి. దిగాను. పారతో ఇసుక తోడాను. చెమటలు కారేలా తోడాను. ఆ పని బాగా చేశాను.

గట్టు మీద చేనున్న నల్లప్ప రెండు జతల ఎడ్లు తోలుకొచ్చాడు. కొక్కెం విప్పితే జీపు గట్టెక్కింది. క్యాంపు బండి మాత్రం ఇరుసు దాకా కూరుకుపోయింది. రెండు మోకులు తెగాయి. ఇంకో జత కోసం మనిషిని పంపించి, నల్లప్ప ఏటికి ఎగువన హిందూపురం దిక్కు చూసి, బిరీన కానియ్యండప్పా అన్నాడు. ఆ దిక్కు ఆకాశం నల్లగా ఉంది. మా మీద మాత్రం ఎండ కాస్తూనే ఉంది.

మూడు గంటలప్పుడు నీళ్ళొచ్చాయి. ముందు నురగ, చెత్తా చెదారం, తర్వాత మోకాలి లోతు ఎర్రనీళ్ళు. జోసెఫన్నా నేనూ అద్దాల పెట్టె మోసుకొని గట్టు చేరాం. వదిన అక్షరాల అట్ట ఒక్కటీ తలమీద పెట్టుకొని వచ్చింది. చక్రాల కింద ఇసుక కోసుకుపోయి క్యాంపు బండి మెల్లగా పక్కకు ఒరిగింది. తెరచిన కిటికీలోంచి నీళ్ళు లోపలికి పోవడం, వదిన కుట్టిన తెరలు బయటికి తేలి రావడం అందరం నిలబడి చూశాం. నాయన మాత్రం, ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉన్నాడు.

నీళ్ళు తగ్గిన తర్వాత చూస్తే అందులో మిగిలింది రేకే. వారం తిరగకముందే వాళ్ళిద్దరూ బెంగళూరులో ఒక కళ్ళజోళ్ళ షాపులో పనికి పోయారు. పోయే ముందు జోసెఫన్న జీపును తెచ్చి మా ఇంటిముందు నిలిపి, తాళంచెవి మా అమ్మ చేతికిచ్చి, లోపలికి రాకుండానే బస్సెక్కాడు. అమ్మ పుట్టింటి స్థలంలో సగం అమ్మించి నాయన ఆయన దుడ్లు ఆయనకు పంపించాడు. ముసలితనంలో ఈ పాడు బుద్ధి నీకెందుకు పుట్టింది అని ఆయన చనిపోయేదాకా మా అమ్మ సాధించింది. ఆయన ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు.

స్టాండువాళ్ళు రావడం మానేశారు. ఎవరూ ఏమీ అనలేదు, రావడం మానేశారు, అంతే. జీపులు అమ్ముకునేవాళ్ళు నా షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. యూనస్ కిందికి దూరి చూసి చెబుతాడు, వాళ్ళ నాయన మాదిరి కాదు అనేవాళ్ళు. ఆ మాట మీద నా షెడ్డు బాగా నడిచింది. అంతకన్నా సిగ్గుమాలిన సంపాదన ఉంటుందా?

ఏట్లో బండి పోయిన ఆ వారమే, చెప్పినట్టే శుక్రవారం, సుంకప్ప దగ్గర షాఫ్టు వచ్చింది. సరిగ్గా సరిపోయేదే. తెచ్చి తలుపు వెనక నిలబెట్టాను. బిగించలేదు.

ఆ ఏడు శ్రావణంలో ఒక సాయంత్రం నాయన జీపులో కూర్చొని ఉన్నాడు. నన్ను పిలిచాడు. చెయ్యి టేపు రికార్డరు మీద ఉంది.

"ఇది ఏ యేడు పెట్టినావురా?"

"తొంభై నాలుగులో నాయనా."

తల ఊపాడు. "పాటలు బాగా వచ్చేవి," అన్నాడు. తర్వాత దిగి, తడుముకుంటూ ఇంట్లోకి పోయాడు. మళ్ళీ ఆ జీపులో కూర్చోలేదు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా అంతకు మించి ఎప్పుడూ రాలేదు. కొడతాడేమోనని ఎదురుచూశాను. కొట్టి ఉంటే బాగుండేది.

రెండు వేల మూడులో ఆయన పోయాడు. జోసెఫన్న బెంగళూరు నుంచి వచ్చాడు. జుట్టు తెల్లబడింది. మట్టి ఇచ్చిన తర్వాత అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"నీ మనసులో ఏమీ పెట్టుకోవద్దు యూనసూ. మీ నాయన నాకు ఒక్కసారే అబద్ధం చెప్పినాడు, మీ అరుగు మీద. ముసలాయన, బండి మీద మమకారం. ఎప్పుడో మర్చిపోయినా నేను."

అరుగు మీద ఆయన చెప్పింది నిజమనుకునే చెప్పాడు. ఆయన చెప్పిన అబద్ధం ఒకటే. అది ఏటి ఇసుకలో, నాకోసం చెప్పాడు. ఆ మాట నా నాలుక మీదే ఉంది. మట్టి ఇంకా ఆరలేదు. వినేవాడు ఎదురుగా ఉన్నాడు, నన్ను దొంగా అనేవాడు ఇక లేడు.

"అవునన్నా," అన్నాను. "ఒక్కసారే."

జోసెఫన్న నా భుజం తట్టాడు. నేను తట్టించుకున్నాను.